మర మొరాయిస్తే

మూత పట్టేసిన డబ్బాతో కుస్తీ పట్టని ఇల్లాలు ఉండదు. మొదట కొంగుతో పట్టుకుని తిప్పుతాం. రాకపోతే వేణ్ణీళ్ళ ధార పోస్తాం. అప్పటికీ దిగిరాకపోతే అట్లకాడ తిరగేసి మూత చుట్టూ నాలుగు దెబ్బలు వేస్తాం. ఇంత మామూలు పనికి వెనక బ్రిటిష్ యుద్ధనౌకలూ, ఓ మహా శాస్త్రవేత్తకి జరిగిన పరాభవమూ, క్షిపణులూ ఉన్నాయంటే నేనూ నమ్మేదాన్ని కాదు. తెలిసింది మాత్రం మా అబ్బాయి కొన్న ముసలి పడవ పుణ్యమా అని.

మావాడుండేది అమెరికాలో, మిన్నెసోటా రాష్ట్రంలో. పదివేల సరస్సుల సీమ అని దానికి ముద్దుపేరు. క్రితం వేసవిలో నేను వెళ్ళేసరికి షెడ్డులో వాడికంటే వయసులో పెద్దదైన పడవొకటి తిష్ఠ వేసుకుని ఉంది. కాళ్ళకి బద్దలు కట్టుకుని నీళ్ళమీద జారుతూ ఆడే ఆట ఉంది చూశారూ, ఆ ఆడేవాళ్ళని తాడుతో లాక్కుపోయే పడవ. స్కీ బోటంటారు. "చాలా చవగ్గా వచ్చిందమ్మా" అన్నాడు. చవకెందుకైందో మర్నాటికే తేలిపోయింది. ఏ మర పట్టుకున్నా తిరగదు, ఏ నట్టు పట్టుకున్నా కదలదు.

అన్నట్టు, ఆ ఆట పుట్టింది కూడా ఆ రాష్ట్రంలోనే. పెపిన్ సరస్సు ఒడ్డున లేక్ సిటీ అనే ఊళ్ళో రాల్ఫ్ శామ్యూల్సన్ అనే కుర్రాడు 1922 జూలై 2న మొదటిసారి నీళ్ళమీద నిలబడి జారాడు. మర్నాటికి అతనికి పందొమ్మిదేళ్ళు నిండుతాయి. పైన్ చెక్క బద్దల కొసలు పైకి వంచడానికి వాటిని వాళ్ళమ్మ రాగి కాగులో ఉడకబెట్టాడట! ఆవిడ ఏమందో చరిత్రకారులు రాయలేదు. నాకు మాత్రం వినిపిస్తూనే ఉంది.

ఇంతకీ మావాడి పడవ సంగతి. ముందున్న అద్దానికి చట్రం అల్యూమినియం. దాన్ని పట్టి ఉంచిన మరమేకులు స్టెయిన్‌లెస్ స్టీలు. కింద నీళ్ళలో తిరిగే రెక్క కంచు. మేకుల తలలు కొత్త గిన్నెల్లా మెరుస్తున్నాయి, వాటి చుట్టూ సున్నం లాంటి తెల్లటి పొడి. "స్టీలు తుప్పు పట్టలేదు కదరా, మరెందుకు రాదు?" అన్నాను. తుప్పు పట్టింది స్టీలుకి కాదట, దాన్ని కౌగిలించుకున్న అల్యూమినియానికి. ఆ తెల్లపొడి అసలు లోహంకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. మర గాడుల్లో అది ఉబ్బి, మేకుని ఉడుంపట్టు పట్టేస్తుంది.

రెండు వేరు వేరు లోహాలు ఆనుకుని ఉండి, మధ్యకి తడి చేరితే ఒకటి రెండోదాన్ని తినేస్తుందన్నమాట. ఈ నిజాన్ని బ్రిటిష్ నౌకాదళం చేతులు కాల్చుకుని నేర్చుకుంది. ఆ రోజుల్లో కర్ర ఓడల అడుగుభాగాన్ని ఓడపురుగు తొలిచేసేది. పేరుకు పురుగేగాని అది ఆల్చిప్పల చుట్టం. దాన్ని అడ్డుకోవడానికి 1761లో 'అలారమ్' అనే యుద్ధనౌకకి అడుగంతా రాగిరేకు తొడిగించారు. వెస్టిండీస్ సముద్రాల్లో తిరిగొచ్చాక 1763లో తీసి చూశారు. రాగి భేషుగ్గా ఉంది, చెక్కా భేషుగ్గా ఉంది. రేకుని పట్టి ఉంచాల్సిన ఇనపమేకులు మాత్రం చాలాచోట్ల తినేసి పోయాయి. కానీ కొన్ని మేకులు కొత్తవాటిలా ఉన్నాయి. ఎందుకూ? రాగిరేకులు చుట్టి తెచ్చిన గోధుమరంగు కాగితం ఆ మేకుల దగ్గర ఊడకుండా మధ్యలో ఉండిపోయింది. రాగికి ఇనుము తగల్లేదు, ఇనుము బతికింది. అంతే!

నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చింది ఆ కాగితమే. ఎవడో బద్ధకస్తుడు పూర్తిగా చింపకపోబట్టి ఇంత రహస్యం బయటపడింది. అయినా దొరలు దాన్ని పూర్తిగా తలకెక్కించుకోలేదు. 1779 తర్వాత యుద్ధం తొందరలో ఓడలన్నిటికీ గబగబా రాగి తొడిగేశారు. లోపలి ఇనప బోల్టులు తినేస్తున్నాయని మళ్ళీ గగ్గోలు పుట్టాకగానీ రాగి కలిసిన గట్టి బోల్టులకి మారలేదు.

కారణం ఏమిటో 1800లో వోల్టా చెప్పకనే చెప్పాడు. రాగి బిళ్ళ, జింకు బిళ్ళ, మధ్యన ఉప్పునీళ్ళలో తడిపిన అట్టముక్క – ఇలా దొంతర పేరిస్తే కరెంటు పుట్టింది. అంటే మన పడవ అడుగున జరిగేదీ అదే, కాకపోతే దీపం వెలగదు, మేకు కరుగుతుంది.

తర్వాత వచ్చాడు సర్ హంఫ్రీ డేవీ. గనికార్మికుల ప్రాణాలు కాపాడే దీపం కనిపెట్టిన మహానుభావుడు. ఈసారి తినేసి పోతున్నది రాగిరేకు. సముద్రపు నీరు దాన్ని కొద్దికొద్దిగా కరిగిస్తోంది. 1824లో డేవీ ఉపాయం చెప్పాడు: రాగికి జింకు ముక్కో ఇనప ముక్కో తగిలించండి, నీరు దాన్ని తింటుంది, రాగిని వదిలేస్తుంది. ఓడలకి పెట్టి చూశారు. రాగి చెక్కుచెదరలేదు. కానీ ఓడ అడుగంతా నాచూ, గుల్లలూ దట్టంగా పట్టేశాయి! రాగి కరిగి విషమై వాటిని దూరంగా ఉంచేదన్నమాట. కరగడం ఆగింది, కాపలా కూడా ఆగింది. ఓడలు నత్తనడక నడిచాయి. 1825లో ఆ ముక్కల్ని తీయించడం మొదలుపెట్టారు. అంతటి పండితుడూ నలుగురి నోళ్ళలో పడ్డాడు, 1829లో కన్నుమూశాడు. పాపం, ఆయన లెక్క తప్పు కాదు. ఇవాళ ఉప్పునీళ్ళలో ఉండే పడవలకి జింకు దిమ్మలు, మంచినీళ్ళలో ఉండేవాటికి మెగ్నీషియం దిమ్మలు ఆయన చలవే. మన స్నానాలగదిలో గీజరు తొట్టి లోపల ఉండే మెగ్నీషియం కడ్డీ కూడా అదే బాపతు. తొట్టి బదులు తాను అరిగిపోతుంది.

మళ్ళీ షెడ్డులోకి. పక్కింటాయన మంచివాడే, కానీ చేతిలో కోత మిషనుంది. "తలలు కోసి పారేద్దాం" అన్నాడు. మావాడు అడ్డు పడ్డాడు. అలాంటి చట్రం ఇప్పుడెవరూ చెయ్యరు, అది పగిలితే పడవ షెడ్డు దాటదు. ఊళ్ళో వాళ్ళంతా డబ్ల్యూడీ-40 కొట్టమన్నారు. దాని పుట్టుకా సరదాగానే ఉంటుంది. 1953లో కాలిఫోర్నియాలో శాన్ డియెగో ఊళ్ళో అట్లాస్ క్షిపణి పైతొడుగుకి తుప్పు రాకుండా చేసిన మందది. నీటిని తరిమే ద్రవం, నలభయ్యోసారి కుదిరింది కనక ఆ పేరు. పట్టేసిన మరలకోసం పుట్టిందికాదు. మర సందుల్లోకి ఇంకా లోతుగా పాకే నూనెలు వేరే ఉన్నాయి. ఒత్తిని నూనె పాకినట్టు పాకుతాయి, కానీ సమయం ఇవ్వాలి.

మావాడు సాయంత్రం నూనె వేశాడు, తలమీద చిన్న సుత్తితో టకటకలాడించాడు. ఆ అదురుకి పొడి పగిలి నూనెకి దారిస్తుంది. మన అట్లకాడ పనే. మర్నాడూ అదే, ఆ మర్నాడూ అదే. పెట్రోలు వాసనా, ఫైబర్‌గ్లాసూ ఉన్నచోట మంట పెట్టకూడదు కనక ఇంజను భాగాలకి దూరంగా, పడవని బయటికి లాగి, టాంకరు సోల్డరింగ్ కడ్డీ మొనని మేకు తలమీద ఆనించి వేడెక్కించాడు. వేడికి అల్యూమినియం స్టీలుకంటే ఎక్కువ సాగుతుంది, పట్టు సడలుతుంది. మన వేణ్ణీళ్ళ ధార! తర్వాత వదులు చెయ్యడానికి బదులు ముందు కాస్త బిగించాడు. ఇదేం తిరకాసురా అంటే, "ఎటు కదిలినా కదలడం ముఖ్యం అమ్మా, అతుకు తెగుతుంది" అన్నాడు. సుత్తితో కొడితే నొక్కుతూ తనంతట తిరిగే స్క్రూడ్రైవరు పెట్టి ఒక్కటిచ్చాడు. 'టిక్' మంది. ఆ శబ్దానికి మా కోడలు వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

పద్నాలుగు మేకుల్లో పన్నెండు అలా వచ్చాయి. రెండింటి తలలు మాత్రం తెగిపోతే, నడిమికి సన్నటి రంధ్రం చేసి ఓపిగ్గా తొలిచి తీశాడు. చట్రానికి గీత పడలేదు. తిరిగి బిగించేటప్పుడు ప్రతి మేకుకీ చిక్కటి గ్రీజు రాసి, తలకిందకి ఓ నైలాను బిళ్ళ తొడిగాడు. "ఇదెందుకండీ?" అంది కోడలు. వాడు నోరు తెరిచేలోగా, "అలారమ్ ఓడ కాగితం" అన్నాను నేను.

రెక్క నట్టు ఇంకా రాలేదు. నూనె వేసి ఉంచాడు.