చాపకూడు ఎక్కడ ఆగిపోయింది? పల్నాడు చెప్పే పాఠం

పల్నాడు అనగానే మన ఫోన్లో ఏం కనిపిస్తుంది? పౌరుషం, కోడిపందెం, కత్తులు. ఈ ఎపిసోడ్‌లో వాటిని కాసేపు పక్కన పెట్టి, ఒక చాప గురించి మాట్లాడుకుందాం. అవును, కింద పరుచుకుని కూర్చునే చాపే.

12వ శతాబ్దం. గురజాలలో నలగామరాజు రాజ్యం. మంత్రి రేచర్ల బ్రహ్మనాయుడు. ఆయన పెట్టిన పద్ధతి పేరు చాపకూడు. అన్ని కులాల వాళ్లూ ఒకే బంతిలో, ఒకే చాపల మీద కూర్చుని తినడం. ఎవరి పక్కన కూర్చుని తినొచ్చో కులమే తేల్చే రోజులవి. అంతేకాదు, మాల కులంలో పుట్టిన కన్నమదాసుని కొడుకులా చూసుకుని సేనాపతిని చేశాడు. శ్రీనాథుడి పేరు మీదున్న పల్నాటి వీరచరిత్ర, ఊరూరా వీరవిద్యావంతులు పాడిన పాటలు మనదాకా తెచ్చిన కథ ఇది.

తర్వాత సంగతి తెలిసిందే. రాజ్యం గురజాల, మాచర్లగా చీలింది. అటు నాయకురాలు నాగమ్మ, ఇటు బ్రహ్మనాయుడు. కోడిపోరులో ఓడి మాచర్ల పక్షం ఏడేళ్లు వలస పోయింది. చివరికి కారంపూడిలో యుద్ధం. బాలచంద్రుడితో సహా వీరులంతా నేలకొరిగారు.

మరి చాపకూడు ఏమైంది? పూర్తిగా పోలేదు. ఇప్పటికీ ఏటా కార్తీక అమావాస్యకి కారంపూడిలో వీరుల ఉత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు... మొత్తం ఐదు రోజులు. మందపోరు రోజున చాపకూడు పెడతారు. దాదాపు 800 ఏళ్లుగా ఒక ఆలోచన బతికుందంటే మామూలు విషయం కాదు.

కానీ ఇక్కడే అసలు ప్రశ్న. ఏడాదికి ఒక్కరోజు కలిసి తింటే సరిపోతుందా? తెలుగు పల్లెల్లో టీ బంకుల దగ్గర రెండు గ్లాసుల పద్ధతి 20వ శతాబ్దంలో కూడా నడిచింది. అంటే చాపకూడు పండగలో మిగిలింది, రోజువారీ బతుకులోకి రాలేదు.

ఎందుకని? సాఫ్ట్‌వేర్‌లో ఒక మాట ఉంది: సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్. మొత్తం సిస్టమ్ ఒక్కదాని మీదే ఆధారపడితే, అది పడిపోయిన రోజు అన్నీ ఆగిపోతాయి. చాపకూడు ఒక పెద్దమనిషి మంచితనం మీద నిలబడింది. ఆ చాప మీద కూర్చోవడం ఎవరికీ హక్కు కాదు, ఆయన ఇచ్చిన గౌరవం. ఆయన పక్షం యుద్ధంలో కూలిపోయాక అడిగే దిక్కేది?

ఇప్పుడు మన కాలానికి రండి. 2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు ఒక ఆర్డర్ ఇచ్చింది: సర్కారు బళ్లలో పిల్లలకి వండిన భోజనం పెట్టాల్సిందే అని. మన రాష్ట్రంలో 2003 జనవరిలో మొదలైంది. వంటవాళ్లుగా దళితులకి, గిరిజనులకి ప్రాధాన్యం ఇవ్వాలని 2004లో కోర్టే చెప్పింది. 2013లో ఆహార భద్రత చట్టం వచ్చి ఈ భోజనాన్ని హక్కు చేసింది.

గమనించారా? 2020లో దీని పేరు గోరుముద్ద, 2024లో డొక్కా సీతమ్మ పేరు వచ్చింది. ప్రభుత్వాలు మారాయి, పేర్లు మారాయి, బంతి మాత్రం లేవలేదు. వెనక చట్టం ఉంది, వండే మహిళా సంఘాలున్నాయి, అన్నం బాగోకపోతే నిలదీసే తల్లిదండ్రులున్నారు. ఒకరు పోయినా ఇంకొకరు పట్టుకునే ఏర్పాటు అది.

దీంతో కులం పోయిందని నేననను. దళిత అక్క వండితే తినొద్దని పిల్లల్ని ఆపిన సంఘటనలు మన దేశంలో చాలాచోట్ల జరిగాయి. కానీ ఇప్పుడు ఆ అక్క పక్కన చట్టం ఉంది. కన్నమదాసు పక్కన ఉన్నది ఒక్క బ్రహ్మనాయుడే.

అందుకే మీ ఊళ్లో ఎవరైనా మంచి పని మొదలుపెడితే దండ వేసి ఆగిపోకండి. ఒక్క మాట అడగండి: "అన్నా, రేపు నువ్వు లేకపోతే ఇది ఎవరు నడుపుతారు?" దానికి జవాబు ఉంటేనే ఆ మార్పు నిలబడుతుంది.