ఛాయాగ్రహణము ఇంటిలో ప్రవేశించిన విధము

పాత ఇండ్లలో వసారా గోడలకు వ్రేలాడు ఫోటోలను గమనించినచో ఒక విషయము కనిపించును. తాతగారు కుర్చీలో నిటారుగా కూర్చుండి యుందురు. నాయనమ్మగారు ప్రక్కన నిలుచుండి కుర్చీ వీపుమీద చేయి వేసి యుందురు. ఎవరును నవ్వరు. ఒడిలోని పిల్లవాని ముఖము మాత్రము చెదరి, రెండు ముఖములవలె నుండును. ఆ కాలపువారు నవ్వెరుగనివారని దీనినిబట్టి తలపరాదు. ఆ బిగువులో కొంత భాగము పెద్దల మర్యాదకు చెందినది; మిగిలిన భాగము కెమెరాకు చెందినది.

1839లో ఫ్రాన్సు దేశమున డాగెర్ పద్ధతి లోకమునకు వెల్లడియైనప్పుడు, ఎండలో ఒక చిత్రము తీయుటకే కొన్ని నిమిషములు పట్టెడిది. మనుష్యుల బొమ్మ తీయవలెనన్న తల కదలకుండ వెనుకనుండి ఒక ఇనుప పట్టీ అమర్చెడివారు. 1840లో పెట్జ్వాల్ అను గణిత శాస్త్రజ్ఞుడు రూపొందించిన కటకము అంతకుముందు వాడిన కటకముకంటె సుమారు 16 రెట్లు ఎక్కువ వెలుతురును లోనికి రానిచ్చెను. దానితో నిమిషములు సెకన్లకు దిగినవి. 1851లో ఆర్చర్ ప్రవేశపెట్టిన కొలోడియను పద్ధతి చౌకయే గాని, గాజుపలక తడి ఆరకముందే చిత్రము తీసి, వెంటనే రసాయనములలో కడుగవలెను. చీకటిగది ఎప్పుడును చెంతనే ఉండవలెను. కనుక కుటుంబమే స్టూడియోకు పోవలసి వచ్చెను. పరదాలో నుండు స్త్రీలకు అదియును సాధ్యము కాలేదు. హైదరాబాదులో నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్ దయాళ్ 1892లో స్త్రీలకు ప్రత్యేకముగ జెనానా స్టూడియో తెరచి, దానిని ఒక ఆంగ్ల మహిళకు అప్పగించెను.

ఈ స్థితిని మార్చినది జెలటిను. 1871లో మాడక్స్ అను ఆంగ్ల వైద్యుడు సిల్వరు బ్రోమైడును జెలటినులో కలిపి పలకలపై పూయవచ్చునని చూపెను. 1878లో బెన్నెట్ ఆ మిశ్రమమును కొన్ని దినములు వెచ్చగా నుంచినచో దాని గ్రాహకశక్తి చాల హెచ్చునని కనుగొనెను. పలకలు పొడిగా నుండుటచే ముందుగా తయారుచేసి పెట్టెలలో అమ్ముటకు వీలైనది. తీసిన వెంటనే కడుగవలసిన తొందర పోయినది. సెకనులో చిన్న భాగము చాలినది.

అమెరికాలో ఈస్ట్‌మన్ ఈ మార్గముననే ముందుకు పోయి 1888లో కొడాక్ కెమెరాను అమ్మకమునకు పెట్టెను. వెల 25 డాలర్లు. లోపల 100 చిత్రములకు చాలిన చుట్ట. అన్నియు తీసిన పిమ్మట కెమెరానే కర్మాగారమునకు పంపినచో 10 డాలర్లకు చిత్రములు కడిగి, క్రొత్త చుట్ట పెట్టి త్రిప్పి పంపెడివారు. 1900లో వెలువడిన బ్రౌనీ వెల ఒక్క డాలరే. అయితే ఆ అట్టపెట్టెకు సాధారణమైన కటకము, మారని షట్టరు వేగము. మంచి ఎండలో, నిలకడగా నున్నవారి చిత్రములే అందులో బాగుగ వచ్చెడివి.

మరి కదలువారి సంగతి ఏమి? దీనికి జవాబు ఫ్రాన్సు దేశపు బాలుడొకని ఆల్బములలో కలదు.

జాక్ హెన్రీ లార్టీగ్ 1894లో పారిస్ సమీపమునగల కూర్బెవ్వాలో జన్మించెను. కలిగిన ఇల్లు. తండ్రి స్వయముగ ఫోటోలు తీయువాడు. కెమెరా చేతికి రాకముందే ఈ పిల్లవాడు ఒక ఆట కల్పించుకొనెను: కన్నులు సగము మూసి, గిరగిర తిరిగి, మరల తెరచి చూచినచో ఎదుటి దృశ్యము, దాని రంగు, ధ్వనితో సహా తనలో చిక్కుకొనునని నమ్మెను. కొంతకాలమునకు అది పనిచేయుట మానినది. గడచిన సంతోషము గడచిపోవుననునది ఆ పిల్లవానికి నిజముగ బాధయే. 1902లో తండ్రి అతనికి కెమెరా కొనియిచ్చెను. అది కొయ్యపెట్టె, మూడు కాళ్ళ స్టాండు, 13×18 సెంటీమీటర్ల గాజుపలకలు. కెమెరా వెనుక చూచుటకు పిల్లవానికి పీట ఎక్కవలసి వచ్చెడిది. షట్టరునకు బదులు చేతితో కటకము మూత తీసి, మరల పెట్టవలెను. తల్లిదండ్రులు, అన్న అందరును బొమ్మలవలె నిలబడిరి. ఇంటిలో ఎల్లవేళల జరుగు గెంతులు, పరుగులు మాత్రము దానికి చిక్కలేదు.

అతడా లోపమునే ఆటగా మార్చుకొనెను. 1905లో అతని అన్న జిస్సూ తెల్ల దుప్పటి కప్పుకొని కెమెరా ముందు కొంతసేపు మాత్రము నిలిచి ప్రక్కకు తొలగెను. పలక మీద వెలుతురు పడుచునే యున్నందున వెనుకనున్న గోడలు, చెట్లు అతని దేహములోనుండి కనబడి దయ్యపు బొమ్మ సిద్ధమైనది. ఉపాధ్యాయులు తరగతిలో చూపదగిన ప్రయోగమిది.

1904లో అతనికి గోమాఁ సంస్థవారి చిన్న చేతి కెమెరా వచ్చినది. పలక కొలత 4.5×6 సెంటీమీటర్లు. 13×18 పలక వైశాల్యము 234 చదరపు సెంటీమీటర్లు. దీనిది 27, అనగా సుమారు తొమ్మిదవ వంతు. చిన్నదానికి మారుట మెరుగెట్లగునని విద్యార్థులు అడుగవచ్చును. పలక పెద్దదైనచో అదే దృశ్యమును నింపుటకు కటకపు నాభ్యంతరము పెద్దది కావలెను: సాధారణముగ పలక కర్ణమంత. పెద్ద పలకకు 22 సెంటీమీటర్లు, చిన్నదానికి 7.5. నాభ్యంతరము తగ్గినకొలది దగ్గరివి, దూరపువి కూడ ఒకే సారి స్పష్టముగ నిలుచును. కనుక పిల్లలు ముందుకు వెనుకకు పరుగిడినను కొంతవరకు చెల్లును. స్టాండు అక్కరలేదు. జేబులోనుండి తీసి, కంటి యెత్తున పట్టి మీట నొక్కవచ్చును. నష్టమును కలదు: చిన్న పలకను పెద్దది చేసి అచ్చు వేసినపుడు వెండి రేణువులు బయటపడును.

ఇక వేగము. అర మీటరు ఎత్తునుండి దుమికిన మనిషి నేలకు చేరువేళకు వేగము సెకనుకు సుమారు 3 మీటర్లు. షట్టరు సెకనులో 25వ వంతు తెరచియున్నచో ఆ కాలములో మనిషి 12 సెంటీమీటర్లు క్రిందికి దిగును, ముఖమంతయు చారయగును. 300వ వంతు మాత్రమే తెరచినచో కదలిక ఒక్క సెంటీమీటరు. 1904లోనే తన దాది డూడూ ఎగురవేసిన బంతి గాలిలో నిలిచినట్లు ఒక చిత్రము వచ్చినది. 1905లో పారిస్‌లోని ఇంటి మెట్లమీదినుండి దగ్గరి బంధువు బిషొనాడ్ నవ్వుచు దుమికినది. పొడుగు లంగా, బూట్లు, నేలకు పైన దేహము, అన్నియు నిలిచినవి. లార్టీగునకు అప్పటికి 11 ఏండ్లు. ఈ చిత్రపు గొప్ప కెమెరాదే అనుట సరికాదు. ఏ క్షణమున మీట నొక్కవలెనో ఆ పిల్లవానికి తెలిసియుండెను; కొయ్యపెట్టెతో మూడేండ్లు తప్పిన చిత్రములే అతనికి గురువులు.

తరువాత అతడు పలకకు ముందు సన్నని సందుగల తెర పరుగెత్తెడి షట్టరు కెమెరాలు కూడ వాడెను. ఇందులో పలక అంతయు ఒకేసారి వెలుతురు చూడదు. పరుగుపందెపు కారు ఒకదానిని అట్లు కెమెరా త్రిప్పుచు తీసినపుడు చక్రము ముందుకు వాలిన కోడిగ్రుడ్డువలెను, ప్రేక్షకులు వెనుకకు వాలినట్లును వచ్చిరి. క్రింది భాగము ముందుగా, పై భాగము ఆలస్యముగ నమోదగుటయే కారణము. మొదట అతడు దానిని చెడిన చిత్రముగనే యెంచెను. నేడది అతని ప్రసిద్ధ చిత్రములలో ఒకటి.

మెరుగైన సాధనము ఒకచేత ఇచ్చి ఇంకొకచేత తీసికొనుట కూడ కలదు. లూమియేర్ సోదరులు 1907లో రంగు పలకలను అమ్మకమునకు తెచ్చిరి. రంగులద్దిన బంగాళాదుంప పిండిరేణువులు వెలుతురులో చాల భాగమును మ్రింగివేయుటచే సెకను, అంతకు మించిన కాలము కూడ పట్టెడిది. 1912 నుండి లార్టీగ్ వానిని వాడెను. రంగు వచ్చినది, కాని ఇంటివారందరు మరల కదలక కూర్చుండిరి. కొన్ని ఏండ్లకు అతడు విసిగి వానిని వదలెను.

రంగు, వేగము కలిసి సామాన్య కుటుంబమునకు దొరకుటకు చుట్టఫిలిము వృద్ధి కావలసి వచ్చెను. జర్మనీలో బార్నాక్ సినిమా ఫిలిముతో నిర్మించిన లైకా 1925లో లైప్జిగ్ సంతలో వెలువడెను. చిత్రము 24×36 మిల్లీమీటర్లే. షట్టరు సెకనులో 500వ వంతు వరకు. ఉబ్బసముతో బాధపడు ఆయనకు పెద్ద కెమెరా మోయుట కష్టము. తన పిల్లలనే దానితో ఫోటో తీసెను. మన దేశములో బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్-3 పెట్టెయు, 1960లో ఉదకమండలమున స్థాపించిన హిందుస్థాన్ ఫోటో ఫిలింస్ వారి ‘ఇందు’ ఫిలిమును ఎన్నో మధ్యతరగతి ఇండ్లలో పిల్లల పుట్టినరోజులను నిలిపినవి. క్లిక్ పెట్టెకు ఎండ కావలెను. అందుచే ఆ కాలపు ఫోటోలలో పిల్లలందరు పెరటిలోనో, మేడమీదనో కన్నులు చికిలించి యుందురు.

లార్టీగ్ వృత్తిచే చిత్రకారుడు. తీసిన ఫోటోలను చాలకాలము బయటివారికి పెద్దగా చూపలేదు. ఆ దినము ఏయే ఫోటోలు తీసెనో డైరీలో చిన్న బొమ్మలుగా గీసికొనెడివాడు. పలక చెడినను బొమ్మ మిగులునని. 1963లో న్యూయార్క్ ఆధునిక కళా ప్రదర్శనశాల అతని బాల్యపు చిత్రములను ప్రదర్శించినపుడు అతనికి 69 ఏండ్లు. 1979లో నూరింటికి పైబడిన తన ఆల్బములను ఫ్రెంచి ప్రభుత్వమునకు ఇచ్చివేసెను. 1986లో నీస్ నగరమున మరణించెను. మెట్లమీదినుండి దుమికిన బిషొనాడ్ ఆ ఆల్బములలో నేటికిని నేలను తాకలేదు.