మా యూరికంటె ముందు పుట్టిన పడవ

బేతేలు నగరము 1885వ సంవత్సరమున మోరేవియన్ అను ప్రొటెస్టంటు సంఘపు మిషనరీలచే స్థాపింపబడినదని బడిపిల్లల పాఠము మొదలుకొని యాత్రికుల చేతిపుస్తకము వరకు అన్నిటను వ్రాయబడియుండుటయు, మేమందరమును దానిని ప్రశ్నింపక వల్లెవేయుచుండుటయు ఇచ్చట స్థిరపడిన ఆచారము. ఇటీవల చర్చి విందుశాలలో ఈ వాక్యమును గూర్చియే వాదము లేచి, కాఫీలు చల్లారినను తాను చల్లారలేదు. ఎగువనున్న క్వెత్లుక్ గ్రామమునుండి మోటారు పడవలో వచ్చిన ఆర్థడాక్సు మిత్రుడొకడు, మీవారికి నలువదేండ్లు ముందుగనే మా గురువులు ఈ దేశమునకు వచ్చిరని గట్టిగా పలికెను. ఈ నదీతీరపు మూలవాసియైన యూపిక్ వృద్ధురాలొకతె, మీ యిరువురి వారును వచ్చునప్పటికి మావారు చేపలెండబెట్టుకొనుచుండిరనియు, వచ్చినవారికెల్ల పెట్టి పోషించినది తామేయనియు తేల్చివేసెను. ముగ్గురి మాటలోను సత్యము కలదు. అయినను ముగ్గురును విడిచిపెట్టిన సాక్షి యొకటి కలదని నా వాదము. ఆ సాక్షి ‘బెతెల్ స్టార్’ అను చిన్న తెరచాప పడవ.

ఊరెరుగని పాఠకులకొక్క మాట: అలాస్కా పడమటి భాగమున, ఆంకరేజికి నాలుగువందల మైళ్ల దూరమున, 702 మైళ్లు ప్రవహించు కుస్కోక్విమ్ నది యొడ్డున మా యూరున్నది. బయటినుండి ఇచ్చటికి రహదారి లేదు. వేసవిలో సరుకు బార్జీలమీద వచ్చును. శీతకాలమున నది గడ్డకట్టినపుడు దానిమీదనే కారులు నడచును. 2020 జనాభా లెక్కలలో ఆరువేల మూడువందల పైచిలుకు జనము. ఇక మా యూరిలోని బ్రౌన్ స్లూ వంతెనయు, లౌజ్‌టౌనును, ఎడ్డీ హాఫ్‌మన్ రహదారియు ఎరిగినవారితోనే మాటలాడెదను.

వృద్ధురాలి మాటకు ప్రమాణము సర్కారు కాగితములలోనే కలదు. 1880వ సంవత్సరమున ఐవాన్ పెట్రోఫ్ అలాస్కా జనాభాను లెక్కించినపుడు ఈ తావున ‘ముంట్రెక్‌లగమ్యూట్’ అను పేర 29 మందిని వ్రాసికొనెను. మమ్‌తెరిల్లెక్ అను యూపిక్ పేరును ఆయన చెవికెట్లు వినబడెనో అట్లు వ్రాసినాడు. ఆ పల్లె ప్రక్కనే వర్తకుల కొట్టు కూడ ఉండెను. కావున 1885లో ఎడారియందెవరో గుడారము వేసినట్లు చెప్పుట చరిత్ర కాదు. ఇరువదితొమ్మిదిమంది చాల తక్కువగదా యని చప్పరించువారున్నారు. వారికి నా ప్రత్యుత్తరమేమనగా, ఈ నదిపై మనుష్యులు ఒకేచోట సంవత్సరమంతయు కూర్చుండువారు కారు. వేసవిలో చేపల విడిదులకును, వసంతమున టండ్రాలోని వేట తావులకును పోవుదురు. లెక్కించువాడు వచ్చిన దినమున ఇంటనున్నవారే లెక్కకెక్కుదురు.

ఇక పడవ సంగతి. అలాస్కా ప్రజల విద్యకై పాటుపడుచుండిన షెల్డన్ జాక్సన్ ప్రోద్బలమున పెన్సిల్వేనియాలోని బెత్లెహేము మోరేవియన్లు 1884లో అడాల్ఫస్ హార్ట్‌మన్‌ను, విలియం వైన్లాండును స్థలాన్వేషణకై పంపిరి. వారు తోలుపడవలలో ఈ నదిని చూచుచు మమ్‌తెరిల్లెక్ చేరిరి. మోరేవియన్లకు ఒక నియమము కలదు: 1731 మొదలు ఏటేటను అచ్చు వేయుచు వచ్చిన దినవాక్యముల పుస్తకమునుండి ఆనాటి వాక్యమును చదువక దినమారంభింపరు. ఆ దినము వచ్చిన వాక్యము, యాకోబు బేతేలునకు వెళ్లి కాపురముండవలెనని ఆజ్ఞ పొందిన ఆదికాండ సందర్భము. ఊరికి పేరట్లు వచ్చినది.

జనశ్రుతి ఈ కథను 1885లో మిషనరీలు ఒడ్డునకు దిగిన దినమునకు జరిపినది. చెప్పుటకు బాగుండునుగదా: అలసిన దంపతులు దిగుట, గ్రంథము తెరచుట, వాక్యము కనబడుట! కాని 1885 వేసవిలో ‘లిజ్జీ మెరిల్’ అను నౌకలో శాన్‌ఫ్రాన్సిస్కోనుండి వచ్చినవారు తమతో తెచ్చుకొన్న పడవకు బెతెల్ స్టార్ అను పేరు అప్పటికే యున్నది. ఒడ్డు మీద కాలు మోపకముందే పడవకు బేతేలు పేరున్నదన్నచో, ఆ పేరు అంతకుముందు సంవత్సరమే, తోలుపడవలలో తిరిగినవారి ప్రయాణముననే నిశ్చయమైనదనుట వేరుగా ఋజువు చేయనక్కరలేదు. కావున ఊరి సంవత్సరము చెప్పవలసివచ్చినచో 1884 అనుట న్యాయము. ఒక యేడు వెనుకకు జరిగినంత మాత్రమున ఏమగునని అడుగుదురేమో. నాకు మాత్రము అది పెద్ద భేదమే: 1885 అన్నచో ఊరు ఇంటితో పుట్టినట్లు, 1884 అన్నచో నీటిమీద, ఇతరులు తెడ్డు వేసిన పడవలలో పుట్టినట్లు.

1885లో వచ్చినవారు ఐదుగురు. విలియం, కరోలిన్ వైన్లాండు దంపతులు. ఆ యేడే వివాహమాడిన జాన్ కిల్‌బక్, ఎడిత్ దంపతులు. కెనడానుండి వచ్చిన హాన్స్ టోర్గర్సన్. వీరిలో కిల్‌బక్ లెనాపె జాతివాడు, కాన్సాసులో జన్మించినవాడు, తానే ఈ ఖండపు మూలవాసి. ఇతని గూర్చి తెల్లవారి చరిత్రలు ‘అమెరికా మిషనరీ’ యని మాత్రము వ్రాసి ఊరకుండుట నాకు రుచింపదు. టోర్గర్సన్ వడ్రంగి, ఐదుగురిలో ఇల్లు కట్టనేర్చినవాడు అతడొక్కడే. సముద్రనౌక నదీముఖమున సామానులు దింపి మరలిపోగా, వానిని ఎగువకు చేరవేయు పని బెతెల్ స్టార్ మీద పడెను. ఆ రాకపోకలలోనే 1885 ఆగస్టున టోర్గర్సన్ ఆ పడవనుండి జారి నదిలో మునిగి మరణించెను. సుత్తి పట్టుట ఎరుగని ఇరువురు యువకులు, చలికాలము తరుముకొనివచ్చుచుండగా ఇల్లు కట్టుకొనవలసి వచ్చెను. మిగిలిన నలుగురిలో వైన్లాండు దంపతులు అనారోగ్యముచే 1887లోనే మరలిపోయిరి.

మా యూరి కథ చెప్పువారు టోర్గర్సన్‌కిచ్చు చోటు ఒక వాక్యమునకు మించదు. ఆనా బక్స్‌బామ్ ష్వాల్బె 1951లో ప్రకటించిన గ్రంథము మిషను కుటుంబమువారి హృదయముతో వ్రాయబడినది. 1985 శతవార్షిక చరిత్ర సంఘపు గౌరవముతో వ్రాయబడినది. ఆన్ ఫీనప్-రియోర్డన్ 1991లో కిల్‌బక్ దంపతుల వ్రాతలను యూపిక్ జనుల దృష్టి ప్రక్కనబెట్టి వ్రాసిన గ్రంథము వీనిలో తలమానికమని నా యభిప్రాయము. మూడింటికిని నేను ఋణపడియున్నాను. అయినను నావంటి నదివాసి వానినన్నిటిని చదివి మూసినపుడు, ప్రార్థన, బడి, వైద్యము అన్నిటికిని ముందు ఒకడు నీటిలో పడి చనిపోయెనన్న మాట మనస్సున బరువెక్కి, ఈ కథకు నాయకుడు నదియే కావలెనని తోచును.

క్వెత్లుక్ మిత్రుని వాదమునకును కొంత చెల్లింపవలసియున్నది. 1841 నాటికే రష్యనులు నది ఎగువను కొల్మకోవ్‌స్కీ కోట నిర్మించిరి. 1845లో యాకోవ్ నెత్స్‌వెతోవ్ అను గురువు యూకాన్ నదిపై ఇకోగ్‌మ్యూట్ చేరి, అచ్చటినుండి ఈ నదివారికి కూడ బోధించెను. నలువదేండ్ల లెక్క సరియైనదే. కాని ఆయన వచ్చి పోవుచుండెను, మావారు వచ్చి కాపురముండిరి. చర్చి కట్టిన పుణ్యము ముందు పడవ నడిపినవానిదా, గుంజ పాతినవానిదా యని వారు నన్నడిగిన, మోరేవియన్ బల్లమీద భోజనము చేయుచున్న నేను నిష్పక్షపాతినని చెప్పుకొనలేను. 2025 జూన్‌లో క్వెత్లుక్‌వాసిని ఓల్గా మైకేలమ్మను ఆర్థడాక్సు సంఘము పరిశుద్ధురాలిగా ప్రకటించినపుడు, ఆమె గ్రామమునకు రహదారి లేనందున భక్తులు నీటిమీదను గాలిమీదను చేరవలసివచ్చెను. ఆమె జీవించినంతకాలము మంత్రసానిగా తల్లులను కనిపెట్టుకొనియుండిన సాధారణ యూపిక్ గృహిణి.

తెలుగువారికి ఈ పడవ క్రైస్తవము కొత్తది కాదు. 1836లో ఇండియాకు వచ్చిన బౌడెన్, బీర్ అను ఇంగ్లీషు మిషనరీలు పిమ్మట గోదావరీతీరమున నరసాపురమందు నిలిచిరి. 1852 నాటికి ధవళేశ్వరము ఆనకట్ట లేచి, కాలువలు పల్లెపల్లెకు పారినపిమ్మట, కెనడా బాప్టిస్టు మిషనువారు ఇంటి పడవలలో సామానుతో కాపురముండి, సాయంకాలమునకు చేరిన రేవున సభ జరుపుచు, మరునాడు ముందుకు సాగుచుండిరి. ఇంగ్లండులో నేటికిని, ఏడడుగుల వెడల్పునకు మించి పట్టని ఇరుకు లాకులకు తగినట్లు కట్టిన సన్నని పడవలనే ఇళ్లుగా చేసికొని కాలువలపై తిరుగువారున్నారు. వారిలోని భక్తులు ఎక్కడ రేవు దొరికిన అక్కడ కలిసి ప్రార్థింతురు. మా కుస్కోక్విమ్‌కు వారికిని భేదమేమనగా, వారికి నీరు దాదాపు సంవత్సరమంతయు నీరుగానే యుండును. ఇచ్చట శరత్కాలమున గడ్డకట్టి, మే మాసమున పెనుధ్వనితో పగులును. పడవ మూలబడిన కాలమున కుక్కల బండ్లు బయలుదేరెను. 1896లో వచ్చిన డాక్టరు రోమిగ్ రోగులను చూచుటకు వానిమీదనే పోవుచుండెను.

మిషనరీలకంటె ఎక్కువగా నదిపై తిరిగినవారు యూపిక్ సహాయకులు. వారిలో ఉయాకుక్ అనునతడు మంత్రవేత్త కుమారుడు. బోధకుడైనపిమ్మట, తాను చెప్పవలసిన వాక్యములను జ్ఞాపకముంచుకొనుటకై బొమ్మలు గీయనారంభించి, ఆ బొమ్మలను కొలది యేండ్లలోనే అక్షరములుగా మలచుకొనెను. ఇంగ్లీషు చదువనేరని యతడు తన జాతి మాటకు తానే లిపి కల్పించెను. జర్మను పండితుడు ఆల్ఫ్రెడ్ ష్మిట్ ఆ లిపిని పరిశోధించి గ్రంథము వ్రాసినాడు. ఉయాకుక్ 1924లో గతించెను. కిల్‌బక్ అంతకు రెండేండ్లు ముందు అకియాక్‌లో కన్నుమూసెను. మా బడులలో కిల్‌బక్ పేరు వినబడినంతగా ఉయాకుక్ పేరు వినబడకుండుట అన్యాయమని వ్రాయుచున్నాను, ఎవరు కోపించినను సరే.

శిలాఫలకములు నిలుపువారు ఒడ్డున స్థలమెన్నుకొనుచున్నారని వినికిడి. ఏ ఒడ్డు? కోత కోయుచు నది పాత గట్టును లోనికి లాగికొన్నది. అందులకే ఉక్కు గోడ కట్టవలసివచ్చినది. తొలినాటివారు అడుగుపెట్టిన గట్టు ఇదియని నేడెవరును వ్రేలు చూపలేరు. పలక నిలుపవలెనన్న చర్చి ముందర గాక, చేపలవారి మోటారు పడవలు కట్టియుండు చిన్న రేవున నిలుపుడు. దానిపై మమ్‌తెరిల్లెక్ అను పేరు పైన, 1884 దానిక్రింద, పిమ్మట హాన్స్ టోర్గర్సన్ పేరు చెక్కింపుడు. వైన్లాండు, కిల్‌బక్ పేర్లకు చోటు చాలకున్న, వారికి పుస్తకములున్నవి.