డబ్బా మీద రాయకూడని సంగతులు

1773లో కెప్టెన్ జేమ్స్ కుక్ ‘రిజల్యూషన్’ ఓడ న్యూజిలాండ్ నైరుతి కొసన డస్కీ సౌండ్ అనే సముద్రపు పాయలో లంగరు వేసింది. ఓడ సిబ్బంది ఒడ్డున రిము చెట్ల రెమ్మలూ మనుకా ఆకులూ మరిగించి కషాయం తీశారు. అందులో మొలాసిస్‌తో పాటు ఇంగ్లండు నుంచి పీపాల్లో మోసుకొచ్చిన చిక్కటి మాల్ట్ పాకం కలిపి, పులియబెట్టి, బీరు చేసుకున్నారు. సరదా కోసం కాదు. నెలల తరబడి నడిసముద్రంలో ఉండే నావికుల చిగుళ్లు కుళ్లి ప్రాణాలు పోయే స్కర్వీ జబ్బుకి మాల్ట్ విరుగుడని ఆనాటి నమ్మకం. తర్వాత అది తప్పని తేలింది.

ఆ పాకం ఆలోచన నౌకాదళానికి తిండిసరుకులు చూసే విక్చువలింగ్ బోర్డు కార్యదర్శి పెల్హామ్‌ది. బీరు ఓడలో ఎక్కువ కాలం నిలవదు, పైగా చోటు తినేస్తుంది. అలాంటప్పుడు అందులోని నీళ్లు ఇగరబెట్టి పాకం ఒక్కటే పంపితే, కావలసినప్పుడు నీళ్లు కలుపుకోవచ్చు కదా అన్నాడాయన. ఒక వంతు పాకానికి సుమారు పది వంతుల నీళ్లు కలిపానని కుక్ రాసుకున్నాడు. అయితే దారిలోనే కొన్ని పీపాల్లో సరుకు వేడికి తనంతట తనే పులియడం మొదలెట్టింది. ఆపడానికి చేసిన ప్రయత్నాలేవీ ఫలించలేదు.

ఇవాళ అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఆస్ట్రేలియాలోనో ఇంట్లో బీరు చేసుకోవాలనుకునేవాడు దుకాణంలో కొనే ‘ఎక్స్‌ట్రాక్ట్ కిట్’ వరస కూడా ఇదే. కిలోన్నర నుంచి కిలో ముప్పావు దాకా తూగే డబ్బా, దాని మూత కింద చిన్న ఈస్ట్ పొట్లం. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి, మరపట్టి, వేడినీళ్లలో ఉంచితే అందులోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. ఆ తియ్యటి రసాన్ని మాడిపోకుండా, గాలి తీసేసిన పాత్రల్లో తక్కువ వేడి మీద ఇగరబెడితే డబ్బాలోని పాకం తయారు. అందులో దాదాపు 80 శాతం ఘనపదార్థమే. అంటే కష్టమైన పనంతా ఫ్యాక్టరీలో అయిపోయినట్టే. ఇంటివాడు వేడినీళ్లలో కరిగించి, చన్నీళ్లు చేర్చి, ఈస్ట్ చల్లి, మూతపెట్టి, రెండు వారాలు ఓపిక పట్టాలి.

ఇంత తేలికైన పనికి అన్ని ప్రశ్నలెందుకు? బుడగలు రావడం లేదేమిటి, ఎంత చక్కెర వెయ్యాలి, పులిసిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది, సీసా పేలుతుందా, తాగితే ప్రమాదమా? మొదటిసారి డబ్బా విప్పిన ప్రతివాడూ ఇవే అడుగుతాడు. నా దృష్టిలో ఇందుకు కారణం అమాయకత్వం ఒక్కటే కాదు. ఈ డబ్బా జనంలోకి వచ్చిన కాలంలో దాన్ని ఎలా వాడాలో చెప్పడం నేరం.

1920 జనవరి 17న అమెరికాలో మద్యనిషేధం అమల్లోకి వచ్చింది. చాలా బీరు కంపెనీలు మూతపడ్డాయి. మిగిలినవి ఐస్‌క్రీమో, మత్తులేని ఉత్తుత్తి బీరో చేసుకుని బతికాయి. పాబ్స్ట్, ష్లిట్జ్, బడ్‌వైజర్ తయారుచేసే ఆన్‌హైజర్-బుష్ వంటి పెద్ద సంస్థలు మాల్ట్ పాకాన్ని డబ్బాల్లో అమ్మాయి. రొట్టెల్లో, బిస్కెట్లలో వేసుకోండి అని ప్రకటనలిచ్చాయి. విచిత్రమేమిటంటే ఆ డబ్బాల్లో కొన్నింటిలో హాప్స్ కూడా కలిపి ఉండేది. హాప్స్ అంటే బీరుకి చేదునిచ్చే పూలు. చేదు బిస్కెట్లు తినాలన్న కోరిక ఒక దేశం మొత్తానికి ఒక్కసారిగా ఎందుకు పుట్టిందో ఏ అధికారీ అడగలేదనుకోవడం కష్టం.

అడిగినా, పాకం అమ్మడాన్ని ఆపడానికి చట్టంలో సూటిగా దారి లేదు. ఆ చట్టం పేరు వోల్‌స్టెడ్ చట్టం. అందులో 29వ సెక్షను ఇంట్లో పళ్లరసాలూ సైడరూ చేసుకునేవాళ్లకి కొంత వెసులుబాటు ఇచ్చింది. ఆ సందు ఇంటి వైనుకి దొరికింది కానీ బీరుకి దొరకలేదు. 18వ సెక్షను మరీ గట్టిది. అక్రమంగా మద్యం చేయడానికి ఉద్దేశించిన పాత్ర, పరికరం, పదార్థం, చివరికి తయారీ విధానం కూడా ప్రకటించడం, అమ్మడం నేరమంది. ఆన్‌హైజర్-బుష్ పాకం అమ్మవచ్చు. అందులో నీళ్లెన్ని పొయ్యాలో, ఈస్ట్ ఎప్పుడు వెయ్యాలో డబ్బా మీద అచ్చు వేస్తే చిక్కు. ఖాళీ సీసాలు, పీపాలు, బిరడాలు అమ్మిన వ్యాపారి మీద కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అక్రమ తయారీ కోసమే అమ్మినట్లయితే అవి కూడా జప్తు చేయదగ్గవేనని 1930లో డానొవిట్జ్ కేసులో తీర్పు వచ్చింది.

మన దగ్గర నల్లబెల్లం సంగతి తెలిసినవాళ్లకి ఇది కొత్త కాదు. బెల్లం తినే వస్తువే. కానీ గుడుంబా బట్టీకి వెళుతోందనిపిస్తే ఎక్సైజ్ వాళ్లు పటికతో సహా పట్టుకుంటారు. సరుకు ఏమిటన్నది కాదు, ఎందుకన్నదే అక్కడ ప్రశ్న. తేడా ఒకటుంది. మన పల్లెల్లో బట్టీ పెట్టేవాడికి ఊట వెయ్యడం తరతరాలుగా తెలిసిన పని. అమెరికా పట్నపు గుమాస్తాకి బీరంటే అంతకుముందు దాకా సెలూన్ అనే బార్లో గ్లాసులో వచ్చేది. వంటింట్లో తయారయ్యేది కాదు.

చెప్పకూడని విధానం నోటిమాటగా పాకింది. పక్కింటాయనో, డబ్బాలమ్మే కొట్టువాడో, జర్మనీ నుంచి వచ్చిన ముసలి మామయ్యో చెప్పిందే శాస్త్రం. బీరు ఈస్ట్ దొరక్క రొట్టెల ఈస్ట్ వేశారు. పాకం పొదుపు చేయడానికి పంచదార గుమ్మరించారు. పులవడం పూర్తికాకుండానే సీసాల్లో పోసి మూతలు బిగించారు. సీసాలు అర్ధరాత్రి నేలమాళిగల్లో పేలిపోవడం అప్పటి సంసారాల్లో మామూలు ముచ్చటైంది. ఇంటి బీరంటే మడ్డి, పులుపు, రొట్టె వాసన అన్న చెడ్డపేరు నిషేధం సాగిన ఆ పదమూడేళ్లలో వచ్చిందే. నన్నడిగితే తప్పు పాకానిది కాదు, 18వ సెక్షనుది. సరుకు ఇంటింటికీ చేరింది, వాడే విద్య చేరలేదు.

సీసా ఎందుకు పేలుతుందో అప్పటికే తెలిసినవాళ్లు లేకపోలేదు. ఈస్ట్ చక్కెరను తిని దాదాపు సగం బరువు ఆల్కహాల్‌గా, తక్కిన సగం బొగ్గుపులుసు వాయువుగా మారుస్తుంది. పీపాలో అయితే ఆ వాయువు బయటికి పోతుంది. మూత బిగించిన సీసాలో ఎక్కడికి పోతుంది? మిగిలిన చక్కెర ఎంతో తెలియకుండా సీసా కట్టడమే ప్రమాదం. కొలిచే సాధనం అప్పటికి చాలా పాతది. రసంలో తేలే గాజు గొట్టం, మీద అంకెలు. హైడ్రోమీటరంటే ఇదే. బీరు తయారీలో దీని వాడకాన్ని ఇంగ్లండులో జాన్ రిచర్డ్‌సన్ 1784లోనే పుస్తకంగా వివరించాడు. చక్కెర ఎక్కువుంటే గొట్టం పైకి తేలుతుంది, ఈస్ట్ తినేకొద్దీ కిందికి దిగుతుంది. మామూలు కిట్ బీరు 1.045 దగ్గర మొదలై 1.010 దగ్గర ఆగిందనుకుందాం. తేడాని 131తో గుణిస్తే సుమారు 4.6 శాతం ఆల్కహాల్. రెండు మూడు రోజుల ఎడంగా చూసిన అంకె మారకపోతే పులవడం ఆగినట్టు. అప్పుడు లీటరుకి ఆరేడు గ్రాముల చక్కెర లెక్క చూసి కలిపి సీసాల్లో పోస్తే సీసాకి పేలే పని లేదు, గ్లాసులో పోసుకుంటే నురగ వస్తుంది.

అందుకే ‘బుడగలు రావడం లేదు’ అని బెంగపడే కొత్తవాడికి పాతకాపులు చెప్పేది ఒకటే: బుడగల్ని చూడకు, గొట్టాన్ని చూడు. బకెట్ మూత కాస్త వదులైతే గాలి ఆ సందులోంచే పోతుంది, మూతకి బిగించిన బుడగల గొట్టం మౌనంగా ఉంటుంది. లోపల పని మాత్రం జరుగుతూనే ఉంటుంది. నిజంగా పని ఆగితే చాలాసార్లు కారణం చలి. డిసెంబరు రాత్రి దోసెల పిండి పొంగకపోవడం లాంటిదే ఇదీ. ఏల్ రకం బీరుకి వాడే సాధారణ ఈస్ట్‌కి 18 నుంచి 22 డిగ్రీల సెల్సియస్ హాయి. ఇంగ్లండు వాళ్లు వేడినీళ్ల ట్యాంకు పక్కన బట్టలారేసే అలమారాలో బకెట్ దాచేవారు. వేడెక్కువైనా తంటాయే. ముప్పై దాటితే ఈస్ట్ చురుగ్గానే పనిచేస్తుంది గానీ గోళ్లరంగు తుడిచే మందు వాసనలూ ఘాటైన ఆల్కహాళ్లూ పుట్టి మర్నాడు తలనొప్పి మిగులుస్తాయి.

ఈస్ట్ విషయంలో ప్రపంచమంతా డెన్మార్క్‌కి రుణపడి ఉంది. బీరు చెడిపోయేది పరాయి సూక్ష్మజీవుల వల్లేనని లూయీ పాశ్చర్ 1876లో తన గ్రంథంలో చూపించాడు. 1883లో కోపెన్‌హాగెన్ కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే ఒక్క కణం నుంచి కల్తీ లేని ఈస్ట్ పెంచాడు. కార్ల్స్‌బర్గ్ యజమాని జాకబ్‌సన్ ఆ విద్యను రహస్యంగా దాచుకోలేదు, ఇతర కంపెనీలకీ పంచాడు. డబ్బా మూత కింద ఆరేడు గ్రాముల పొట్లం వెనకున్న కథ ఇంత పెద్దది. పాత్రలన్నీ కడగడం ఒక ఎత్తు, సూక్ష్మజీవుల్లేకుండా శుద్ధి చేయడం మరో ఎత్తు అని కిట్ కాగితం పదేపదే చెప్పడానికి కారణం పాశ్చరే. క్లోరిన్ మిగిలిపోతే బీరులో ఆసుపత్రి వాసన రావడం మాత్రం కొత్తవాళ్లు తమంతట తామే కనిపెట్టే సంగతి.

ప్రాణభయం మాటేమిటి? కల్తీసారా వార్తలు చదివి పెరిగిన మనకి ఇది సహజమైన అనుమానం. ఆ చావులకి కారణం మిథైల్ ఆల్కహాల్. నిషేధకాలపు అమెరికాలో కూడా విషం కలిపిన పారిశ్రామిక ఆల్కహాల్ తాగి ఎందరో పోయారు. మాల్ట్ పాకం పులిస్తే మిథైల్ ఆల్కహాల్ దాదాపు పుట్టదు. పులుపూ, హాప్స్ చేదూ, ఆల్కహాలూ ఉన్నచోట రోగక్రిములు బతకడమూ కష్టమే. చెడిపోయిన బీరు నోటికి పనికిరాదు, చంపదు. బట్టీ పెట్టి ఆవిరి పట్టడం వేరే కథ, దాన్ని దీనితో కలపకూడదు.

1933 డిసెంబరులో నిషేధం పోయింది. ఇంటి వైనుకి చట్టబద్ధత దక్కింది, ఇంటి బీరు మాట చట్టంలో చేరలేదు. ఆ లోటు నలభై అయిదేళ్లు అలాగే ఉండిపోయింది. ఈలోగా బ్రిటన్ ముందడుగు వేసింది. ప్రధాని గ్లాడ్‌స్టన్ 1880లో తెచ్చిన చట్టం ప్రకారం ఇంట్లో బీరు కాచుకునేవాళ్లు లైసెన్సు తీసుకోవలసి వచ్చేది. 1963 బడ్జెట్‌లో ఆర్థికమంత్రి రెజినాల్డ్ మాడ్లింగ్ దాన్ని ఎత్తేశాడు. చూస్తుండగానే బూట్స్ మందుల దుకాణాల్లో దగ్గుమందు పక్కన బీరు డబ్బాలు చేరాయి. ఈసారి డబ్బా మీద విధానం రాసి ఉంది. కాకపోతే చవగ్గా ఎక్కువ బీరు రావాలని ‘ఒక కిలో పంచదార కలపండి’ అంది. పంచదార ఆల్కహాల్ ఇస్తుంది గానీ బీరుకి చిక్కదనం ఇవ్వదు. ఆ పలచని బీరుతో విసిగి డేవ్ లైన్ లాంటి రచయితలు 1974 నుంచి మాల్ట్ గింజలతోనే మొదలెట్టమని పుస్తకాలు రాశారు. పంచదార బదులు మరో డబ్బా పాకం వాడమన్న సలహా కూడా అప్పుడు బలపడ్డదే.

అమెరికాలో సెనెటర్ అలన్ క్రాన్‌స్టన్ సవరణతో కూడిన బిల్లు మీద 1978 అక్టోబరు 14న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం పెట్టాడు. 1979 ఫిబ్రవరి 1 నుంచి ఒక్క వయోజనుడున్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరుంటే 200 గ్యాలన్ల దాకా పన్ను లేదు. అమ్మకూడదంతే. 1978 డిసెంబరులోనే కొలరాడోలోని బోల్డర్‌లో చార్లీ పపాజియన్ మిత్రుడితో కలిసి అమెరికన్ హోమ్‌బ్రూయర్స్ అసోసియేషన్ పెట్టాడు. ఆయన అణు ఇంజినీరింగ్ చదివినవాడు. అంతకుముందే ఊళ్లో ఇంటి బీరు పాఠాలు చెబుతుండేవాడు. ఆయన పుస్తకం 1984లో వచ్చింది. కంగారు పడకుండా చేసుకోండి అనే ధోరణిలో సాగే ఆ పుస్తకం భయపడే కొత్తవాళ్లకి గొప్ప ఊరట. కాలిఫోర్నియాలో సియెర్రా నెవాడా బీరు కంపెనీ స్థాపించిన కెన్ గ్రాస్‌మన్ మొదట ఇంటి బీరు సామాన్ల కొట్టు నడిపినవాడే.

కేంద్ర చట్టం మారినా రాష్ట్రాల చట్టాలు వేరు. మనకీ అంతే. మద్యం రాష్ట్రాల జాబితాలోది. తెలుగు రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు చేయడం ఎక్సైజ్ చట్టం కింద నేరమే. డాలస్‌లో ఉన్న తెలుగువాడికి గరాజ్‌లో తప్పు కానిది హైదరాబాద్ ఫ్లాటులో తప్పు.

2012 సెప్టెంబరులో శ్వేతసౌధం ఒబామా వంటగదిలో తయారైన హనీ ఏల్ విధానాన్ని అందరికీ విడుదల చేసింది. రెండు డబ్బాల మాల్ట్ పాకం, తోటలోని తేనెపట్టు నుంచి తీసిన తేనె, సీసాల్లో పోసేముందు ముప్పావు కప్పు మొక్కజొన్న చక్కెర. కొలతలన్నీ అచ్చయ్యాయి. ఆ కాగితం చూసి అలబామాలోనో మిసిసిప్పీలోనో ఎవరైనా డబ్బా తెరిచి ఉంటే నేరస్థుడే. ఆ రెండు రాష్ట్రాలూ ఇంటి బీరుని ఒప్పుకున్నది 2013లో.