అనుభవమున్న డ్రైవర్లకు ఉన్నత శిక్షణ: ట్రాక్ నేర్పేది, రహదారి అడిగేది

ఉత్తర్‌ప్రదేశ్‌లోని గ్రేటర్ నోయిడా వద్ద రెండు భిన్నమైన దారులు పక్కపక్కనే ఉన్నాయి. మొదటిది బుద్ధ్ అంతర్జాతీయ సర్క్యూట్. 2011 అక్టోబరులో ఫార్ములా వన్ పోటీతో ప్రారంభమైన ఈ ట్రాక్ పొడవు 5.125 కిలోమీటర్లు, మలుపులు 16. 2011 నుంచి 2013 వరకు ఇక్కడ జరిగిన మూడు ఫార్ములా వన్ పోటీల్లోనూ జర్మనీకి చెందిన సెబాస్టియన్ వెటెల్ విజేతగా నిలిచారు. 2023 సెప్టెంబరులో మోటోజీపీ పోటీ కూడా ఇక్కడే జరిగింది. రెండోది యమునా ఎక్స్‌ప్రెస్‌వే. గ్రేటర్ నోయిడా నుంచి ఆగ్రా వరకు 165 కిలోమీటర్ల పొడవున్న ఈ ఆరు వరుసల కాంక్రీటు రహదారిని 2012 ఆగస్టులో రాకపోకలకు తెరిచారు.

పోటీలు లేని రోజుల్లో సర్క్యూట్ మీద కార్ల కంపెనీలు, శిక్షణ సంస్థలు ఉన్నత స్థాయి డ్రైవింగ్ కార్యక్రమాలు నిర్వహిస్తుంటాయి. ఇవి కొత్తగా స్టీరింగు పట్టేవారి కోసం కాదు. ఏళ్ల తరబడి కారు నడుపుతున్నవారి కోసం. పది పదిహేనేళ్ల అనుభవం ఉన్నవారు మళ్లీ డబ్బు చెల్లించి నేర్చుకోవడం వల్ల ప్రయోజనం ఉంటుందా అన్న ప్రశ్నకు ఒక్క మాటలో సమాధానం చెప్పడం కష్టం. ఉన్నత శిక్షణ అన్న ఒకే పేరు కింద రెండు వేర్వేరు విద్యలు చలామణీ అవుతుండటమే అందుకు కారణం.

వాహనాన్ని అదుపు చేయడం మొదటి విద్య. గట్టిగా బ్రేకు వేయడం, మలుపులో సరైన గీతను పట్టుకోవడం, చక్రాలు జారినప్పుడు కారును దారికి తేవడం ఇందులో భాగాలు. రెండోది రహదారిని చదివే విద్య. ముందు ఏం జరగబోతోందో పసిగట్టి, వేగాన్నీ దూరాన్నీ దానికి తగ్గట్టు ముందే సరిచేసుకోవడం దీని సారం. 1930లలో లండన్ మహానగర పోలీసుల కోసం హెండన్‌లో ఏర్పడిన డ్రైవింగ్ పాఠశాల ఈ సంప్రదాయానికి పునాది వేసింది. దానిని సాధారణ పౌరులకు చేరువ చేసేందుకు 1956లో బ్రిటన్‌లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ మోటారిస్ట్స్ ఏర్పడింది. మన దేశంలో ఉన్నత శిక్షణ అనగానే ఎక్కువగా గుర్తుకు వచ్చేది మొదటి రకమే. ట్రాక్ మీద తీసిన వీడియోలు ఆకర్షణీయంగా ఉంటాయి; ముందు వాహనానికి తగినంత దూరం పాటించే పాఠాన్ని ఎవరూ వీడియో తీయరు.

నైపుణ్యం పెరిగితే ప్రమాదాలు తగ్గుతాయన్నది సహజమైన ఊహ. పరిశోధనలు ఆ ఊహను బలపరచలేదు. నార్వేలో కొత్త డ్రైవర్లకు జారుడు నేలపై శిక్షణను 1979లో తప్పనిసరి చేశారు. ఆ తర్వాత జారుడు రోడ్లపై యువకుల ప్రమాదాలు తగ్గకపోగా పెరిగినట్లు 1988లో వెలువడిన అధ్యయనం తేల్చింది. స్వీడన్ పరిశోధకుడు నిల్స్ పెటెర్ గ్రెగర్సన్ 1996లో ప్రచురించిన ప్రయోగం దీనికి కారణాన్ని సూచించింది. ఆయన ఒక బృందానికి వాహన నియంత్రణలో నైపుణ్యం నేర్పించారు. మరో బృందానికి తమ నైపుణ్యానికి ఉన్న పరిమితులను అనుభవంలోకి తెచ్చారు. తర్వాత పరీక్షిస్తే అసలు సామర్థ్యంలో రెండు బృందాల మధ్య తేడా కనిపించలేదు. కానీ మొదటి బృందం తమకు చాలా వచ్చునని భావించింది. అంతకు చాలా ముందే, 1974లో, అమెరికాలో లైసెన్సు పొందిన రేసింగ్ డ్రైవర్ల రికార్డులను సాధారణ డ్రైవర్ల రికార్డులతో పోల్చారు. మామూలు రోడ్లపై ప్రమాదాలు, నిబంధనల ఉల్లంఘనలు రేసింగ్ డ్రైవర్ల పేరు మీదే ఎక్కువగా ఉన్నాయి.

లైసెన్సు పొందిన తర్వాత ఇచ్చే శిక్షణపై కాక్రేన్ సంస్థ 2003లో ఒక సమీక్ష ప్రచురించింది. 24 ప్రయోగాలను, 3 లక్షలకు పైగా డ్రైవర్లను పరిశీలించిన ఆ సమీక్ష, ఇలాంటి శిక్షణ ప్రమాదాలను నివారిస్తుందనడానికి ఆధారం లేదని తేల్చింది. అయితే వీటిలో 23 ప్రయోగాలు అమెరికావి, ఒకటి స్వీడన్‌ది. శిక్షణలోనూ తరగతి గది పాఠాలు, పోస్టులో పంపిన సమాచారం వంటివి ఉన్నాయి. పక్కన నిపుణుడిని కూర్చోబెట్టుకుని నిజమైన రోడ్డుపై సాధన చేయడానికి దీన్ని యథాతథంగా వర్తింపజేయడం సరికాదు.

అసలు సమస్య అనుభవం స్వభావంలోనే ఉంది. తప్పు చేసిన ప్రతిసారీ రోడ్డు శిక్షించదు. ముందు కారుకు అతి దగ్గరగా నడిపే వ్యక్తి పదేళ్లపాటు క్షేమంగా ఇంటికి చేరితే, ఆ పదేళ్లూ అతనికి అది సరైన పద్ధతేనని నేర్పుతాయి. 1981లో ఓలా స్వెన్సన్ జరిపిన అధ్యయనంలో అమెరికన్ డ్రైవర్లలో 93 శాతం మంది తమ నైపుణ్యం సగటు కంటే మెరుగని చెప్పుకున్నారు. పైగా అనుభవం ఒక ప్రాంతానికి చెందినది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పదిహేనేళ్లు నడిపి ఉద్యోగరీత్యా ఢిల్లీ ప్రాంతానికి వెళ్లిన తెలుగువారికి ట్రాఫిక్ కొత్త కాకపోవచ్చు. జనవరి తెల్లవారుజామున యమునా ఎక్స్‌ప్రెస్‌వేను కమ్మే పొగమంచు మాత్రం కొత్తే.

ఆ రహదారిపై కార్లకు సాధారణ వేగపరిమితి గంటకు 100 కిలోమీటర్లు. కొన్నేళ్లుగా చలికాలంలో దాన్ని 75కు తగ్గిస్తున్నారు. 100 వేగంతో వెళ్లే కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు సాగుతుంది. ప్రమాదాన్ని గుర్తించి బ్రేకుపై కాలు వేయడానికి ఒకటిన్నర సెకను పట్టిందనుకుంటే, బ్రేకు పడేలోపే 42 మీటర్లు గడిచిపోతాయి. పొడి రోడ్డు, మంచి టైర్లు ఉన్నా ఆ తర్వాత ఆగడానికి మరో 55 మీటర్లు కావాలి. 75 వేగంలో మొత్తం 62 మీటర్లు అవసరం. పొగమంచులో 50 మీటర్లకు మించి కనిపించనప్పుడు అనుమతించిన 75 కూడా ఎక్కువే. మంచుతో రోడ్డు తడిసి ఉంటే 60 కూడా దాటకూడదు. ట్రాక్ శిక్షణ ఆ 55 మీటర్లలో కొన్నింటిని తగ్గించవచ్చు. మిగిలిన 42 మీటర్లు చూపుకు, ఏకాగ్రతకు సంబంధించినవి. అసలు ఎంత వేగంతో వెళ్లాలన్నది నిర్ణయానికి సంబంధించినది. కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. వాటిలో 71 శాతానికి పైగా మరణాలు అతివేగం ఖాతాలో నమోదయ్యాయి.

అలాగని మూసిన మైదానంలో శిక్షణ పూర్తిగా నిరుపయోగమని కాదు. ఏబీఎస్ బ్రేకుల సంగతే చూడవచ్చు. చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఈ వ్యవస్థను 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త కార్లన్నిటిలో తప్పనిసరి చేశారు. అంతకు ముందు తరం కార్లపై నేర్చుకున్నవారికి బ్రేకును నొక్కుతూ వదులుతూ ఉండటం అలవాటు. ఏబీఎస్ ఉన్న కారులో చేయవలసింది అది కాదు. పెడల్‌ను గట్టిగా నొక్కి, కారు ఆగే వరకు వదలకుండా ఉంచాలి. ఆ సమయంలో కాలి కింద పెడల్ అదురుతుంది. దాన్ని ఎన్నడూ చవిచూడనివారు ఏదో చెడిపోయిందనుకుని కాలు తీసేసే ప్రమాదం ఉంది. అత్యవసర బ్రేకును జీవితంలో మొదటిసారి లారీ వెనుక కాకుండా ఖాళీ మైదానంలో వేయడం మంచిది. ఇందుకు పూటంత శిక్షణ చాలు, రేసింగ్ సర్క్యూటే కానక్కరలేదు.

అనుభవజ్ఞులకు ఎక్కువ మేలు చేసేది రోడ్డుపై జరిగే పరిశీలన. శిక్షకుడు పక్కన కూర్చుంటారు. డ్రైవరు తాను చూస్తున్న ప్రతిదాన్నీ పైకి చెబుతూ నడుపుతారు. ఎడమవైపు ఆగిన బస్సు, దాని ముందు నుంచి దాటబోయే మనిషి, అద్దంలో వేగంగా వస్తున్న మోటారు సైకిలు. ఏది చెప్పలేదో అదే చూడలేదని వెంటనే తేలిపోతుంది. పొగమంచులో కదులుతూనే నాలుగు ఇండికేటర్లూ వెలిగించి మలుపు సంకేతానికి అర్థం లేకుండా చేయడం, ఎదురుగా వాహనం వస్తున్నా డిప్పర్ కొట్టకపోవడం వంటి అలవాట్లు ఇలా బయటపడతాయి.

చట్టం ఈ విషయంలో అనుభవజ్ఞులను దాదాపు వదిలేసింది. 30 ఏళ్లలోపు తీసుకున్న లైసెన్సు 40 ఏళ్లు వచ్చే వరకు చెల్లుతుంది. గడువులోగా రెన్యూవల్ చేయించుకుంటే మళ్లీ డ్రైవింగ్ పరీక్ష ఉండదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అతివేగం, ప్రమాదకర డ్రైవింగ్, మద్యం మత్తు వంటి నేరాలకు లైసెన్సు నుంచి అనర్హులైనవారు రిఫ్రెషర్ శిక్షణ పూర్తి చేస్తేనే దాన్ని తిరిగి పొందగలరు. అంటే మళ్లీ నేర్చుకోవడం శిక్షలో భాగంగానే కనిపిస్తుంది. 2021 జులై నుంచి అమల్లో ఉన్న గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల నిబంధనలు తేలికపాటి వాహనాలకు 29 గంటల కోర్సును నిర్దేశించాయి. అది ప్రధానంగా కొత్తవారి కోసమే అయినా, ఈ కేంద్రాలు రిఫ్రెషర్ కోర్సులు కూడా నిర్వహించవచ్చు.

శిక్షణ చేయలేని పనులూ ఉన్నాయి. 2019 జులై 8న లక్నో నుంచి ఢిల్లీకి వస్తున్న బస్సు ఆగ్రా సమీపంలో యమునా ఎక్స్‌ప్రెస్‌వే పైనుంచి కాలువలో పడి 29 మంది మరణించారు. తెల్లవారుజామున డ్రైవరు నిద్రలోకి జారుకోవడమే కారణమని ప్రాథమికంగా భావించారు. నిద్రకు నైపుణ్యం విరుగుడు కాదు. విశ్రాంతి వేళలు, రోడ్డు పక్కన బలమైన రక్షణ కంచెలే విరుగుడు.

కోర్సులో చేరదలచినవారు ముందుగా ఎంతసేపు నిజమైన రోడ్డుపై నడిపిస్తారో, ఒక్కో శిక్షకుడికి ఎంతమంది ఉంటారో అడిగి తెలుసుకోవాలి. సొంత కారులోనే నేర్పే కోర్సు మేలు, ఎందుకంటే మర్నాడు నడపవలసింది ఆ కారునే. చివర్లో లోపాలను రాతపూర్వకంగా ఇస్తారో లేదో కూడా చూడాలి. కోర్సు చేసినందుకు థర్డ్ పార్టీ బీమా ప్రీమియం తగ్గదు. కార్లకు అది ఇంజను సామర్థ్యాన్ని బట్టి నిర్ణయమవుతుంది. వేగపరిమితిని 2023లో 120 కిలోమీటర్లకు పెంచిన హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డుపై రోజూ ప్రయాణించేవారు ఆగే దూరం లెక్కను ఒకసారి మళ్లీ వేసుకోవచ్చు. పైన చెప్పిన కొలతల ప్రకారమే అక్కడ పొడి రోడ్డుపై దాదాపు 130 మీటర్లు కావాలి.