వాలు పలకల లెక్క: గ్రాఫు కాగితం నుంచి కంప్యూటర్ దాకా

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడిగారు. కవిత్వం నాకు చేతకాదు. భవనాల్లోకి గాలి వచ్చిపోయే ఏర్పాట్లు చూడటం నా వృత్తి. అందులో లూవర్ అనే వస్తువును ఎంచుకునే పద్ధతి నేను చూస్తుండగా ఎలా మారిందో రాస్తాను.

లూవర్ అంటే ఏటవాలు పలకలు బిగించిన చట్రం. గాలిని రానిస్తుంది, వానను ఆపుతుంది. పాత బంగళాల కిటికీ తలుపులకు ఉండే చెక్క పలకలు అవే. ఆనాటి వడ్రంగి వాటికి లెక్క కట్టలేదు, అనుభవంతో కొట్టాడు. జనరేటర్ గదులు, ఏసీ ప్లాంట్లు వచ్చాకే లెక్క తప్పనిసరైంది.

ఆ లెక్కకు మూలం మనం ఫిజిక్స్‌లో చదివిన బెర్నూలీ సూత్రమే. ఆయన పుస్తకం 1738లో అచ్చయింది. గాలి వేగం రెట్టింపైతే పీడన నష్టం నాలుగు రెట్లవుతుంది. ఒక గదికి సెకనుకు 3 ఘనపు మీటర్ల గాలి కావాలనుకోండి. గోడలో 2.4 చదరపు మీటర్ల కన్నం ఉంటే వేగం 1.25 మీటర్లే కదా అనిపిస్తుంది. కానీ పలకలు సగం చోటు తినేస్తాయి. నిజమైన ఖాళీ 1.2 చదరపు మీటర్లే, వేగం 2.5. పక్షుల కోసం వల బిగిస్తే ఇంకా తగ్గుతుంది. ఈ రంగంలో ఎక్కువ గొడవలు ఈ ఒక్క తేడా దగ్గరే పుడతాయి.

నేను ఉద్యోగంలో చేరిన 1980లలో చేతిలో కాలిక్యులేటర్, బల్ల మీద కంపెనీ కేటలాగు ఉండేవి. కేటలాగులోని గ్రాఫు మీద స్కేలు పెట్టి, పెన్సిలుతో గీత లాగి పీడన నష్టం చదివేవాళ్లం. గీత మందాన్ని బట్టి జవాబు మారేది! 1983లో లోటస్ 1-2-3 వచ్చింది. అది మా ఆఫీసు దాకా రావడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ తర్వాత తయారీదార్లు తమ సొంత సాఫ్ట్‌వేర్ ఇవ్వడం మొదలుపెట్టారు. ఇప్పుడు రెవిట్ నమూనాలోనే లూవర్ దాని అంకెలతో సహా వచ్చి కూర్చుంటుంది. గాలి పరిమాణం, గోడలో చోటు చెబితే నిమిషంలో పది రకాలు చూపిస్తుంది.

ఆ అంకెలు మాత్రం కంప్యూటర్ పుట్టించినవి కావు, ప్రయోగశాలలో తడిసి వచ్చినవి. అమెరికాలో ఆమ్కా సంస్థ పరీక్షకు 4 అడుగుల చదరపు నమూనా పెట్టి, 15 నిమిషాల్లో లోపలికి ఎంత నీరు చేరిందో తూస్తారు. చదరపు అడుగు ఖాళీకి ఔన్సులో నూరో వంతు దాటితే, ఆ వేగం దగ్గర వాన లోపలికి రావడం మొదలైనట్టు లెక్క. యూరప్ ప్రమాణం ఇ.ఎన్. 13030లో సెకనుకు 13 మీటర్ల గాలి, గంటకు 75 మిల్లీమీటర్ల వాన. అందులో 99 శాతం నీటిని ఆపితే 'ఎ' తరగతి.

సెకనుకు 13 మీటర్లంటే గంటకు 47 కిలోమీటర్లు. 2014 అక్టోబర్ 12న విశాఖను తాకిన హుద్‌హుద్ గాలి వేగం సుమారు 180. ఆ తుపాను తర్వాత తీరప్రాంతంలో ఒక ఆసుపత్రి జనరేటర్ గది చూశాను. లూవర్ 'ఎ' తరగతిదే, కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. జల్లు లోపలికి కొడుతోందని సిబ్బంది ప్లైవుడ్ షీట్ అడ్డం పెట్టి మేకులు కొట్టారు. నీరు ఆగింది, గాలీ ఆగింది. వేడెక్కి జనరేటర్ ఆగిపోయింది. వార్డుల్లో రోగులు ఉన్న రాత్రి అది. వాళ్లను తప్పుపట్టలేను. తడుస్తున్న యంత్రాన్ని చూస్తూ ఎవరూ ఊరుకోరు.

ఆమ్కా వాళ్లకు గంటకు 80 కిలోమీటర్ల గాలి, 203 మిల్లీమీటర్ల వానతో ఇంకో పరీక్ష ఉంది. కొత్త లూవర్‌కు ఆ ఫలితం అడిగాం. అదీ హుద్‌హుద్‌కు చాలదు కాబట్టి గాలి వచ్చే కన్నాన్ని సముద్రం వైపు గోడ నుంచి వెనక గోడకు మార్పించాం, జనరేటర్‌ను ఎత్తయిన దిమ్మ మీద కూర్చోబెట్టాం, లూవర్ లోపలి వైపు నీళ్లు జారిపోయే తొట్టి కట్టించాం. సముద్రం ఏ వైపు ఉందో సాఫ్ట్‌వేర్ మమ్మల్ని అడగలేదు.