టెలివిజన్ కార్టూన్లు – స్త్రీపురుష పాత్రచిత్రణము

బాలబాలికలకై టెలివిజన్‌లో ప్రసారమగు కార్టూన్ ధారావాహికలయందు స్త్రీపురుష పాత్రల సంఖ్యయు, వారి వృత్తులును, కథను నడపుటలో వారికి గల భాగమును ఈ విషయము క్రిందికి వచ్చును. దీని చరిత్రలో పాత్రల సంఖ్య కంటె వారికి అప్పగింపబడిన పని ఆలస్యముగా మారినది.

అమెరికాలో 1960లో వెలువడిన ‘ది ఫ్లింట్‌స్టోన్స్’ శిలాయుగమునందును, 1962 నాటి ‘ది జెట్సన్స్’ భావికాలమునందును నడచు కథలు. యుగములు వేరైనను విల్మా, జేన్ అను ఇల్లాండ్రిరువురును గృహకృత్యములకే పరిమితలైరి. ఇంటిపనులను మీట నొక్కి చేయించుకొను భావినగరమునందు సైతము పనిమనిషియైన యంత్రము రోజీ ఏప్రాను కట్టిన స్త్రీరూపముననే కనిపించెను. జపానులో మాత్రము 1967లో తెజుకా ఒసాము ‘రిబ్బన్ నో కిషి’యందు, స్త్రీకి సింహాసనార్హత లేని రాజ్యమున రాకుమారునివలె పెరిగి కత్తిపట్టిన సఫైర్‌ను నాయికగా నిలిపెను.

1974లో స్టెర్న్‌గ్లాంజ్, సెర్బిన్ అను పరిశోధకులు జనాదరణ గల పిల్లల కార్యక్రమములను పరిశీలింపబూనగా, వానిలో సుమారు సగమునందు స్త్రీపాత్రలే లేకపోవుటచే వానిని విడిచిపెట్టవలసి వచ్చెను. ఆడపిల్లలు మగపిల్లల కథలను చూతురుగాని మగపిల్లలు ఆడపిల్లల కథలను చూడరను నమ్మకము వ్యాపారవర్గములలో నాటుకొనియుండుట ఇందులకొక కారణము. 1980లలో కార్టూన్లు బొమ్మల విక్రయముతో ముడిపడగా ఈ విభజన మరింత బిగిసెను: 1983 నాటి ‘హీ-మాన్’కు తోడుగా, బాలికల కొరకు, అతని కవల సోదరి ‘షీ-రా’ 1985లో అవతరించెను.

బెల్జియము చిత్రకారుడు పేయో సృష్టించిన నీలివర్ణపు స్మర్ఫుల గ్రామమున చాలకాలము స్త్రీ స్మర్ఫెట్ యొక్కతెయే. 1966 నాటి బొమ్మలకథలో గార్గమెల్ అను మాంత్రికుడు ఆ గ్రామమున కలహము రేపుటకై మొసలికన్నీరు, పాము నాలుక పొడి మున్నగునవి కలిపి ఆమెను నిర్మించెను. ఆమెకు బంగారు కురులు వచ్చిన పిదపగాని తక్కిన స్మర్ఫులు ఆమెను ఆదరింపలేదు. ఆ కథ 1981లో అమెరికా టెలివిజన్‌కెక్కెను. పలువురు పురుషుల నడుమ ఒక్క స్త్రీని నిలుపు ఈ పద్ధతికి 1991లో రచయిత్రి కేథా పాలిట్ ‘స్మర్ఫెట్ సూత్రము’ అని పేరిడెను. 1995లో థాంప్సన్, జెర్బినోస్ 41 కార్టూన్లకు చెందిన 175 భాగములను పరిశీలించి, 1980 తరువాత మార్పు కొంత కలిగినను పురుషపాత్రలే అధికముగా కనిపించి, అధికముగా మాటలాడుచున్నవని తేల్చిరి.

1998లో క్రెయిగ్ మెక్రాకెన్ ‘ది పవర్‌పఫ్ గర్ల్స్’యందు చక్కెర, సుగంధద్రవ్యములతో నిర్మితలైన ముగ్గురు బాలికలకు నగరరక్షణభారము నప్పగించెను. దక్షిణాసియాలో యూనిసెఫ్ ‘మీనా’ను రూపొందించెను: బడికి పంపబడని ఆ బాలిక తన చిలుక నేర్చి వచ్చిన పాఠముచే లెక్కలు నేర్చి, కోళ్ళను లెక్కించి దొంగతనమును బయటపెట్టును. హైదరాబాదులోని గ్రీన్ గోల్డ్ సంస్థ నిర్మించగా 2008లో ప్రసారమైన ‘ఛోటా భీమ్’ ఆ మార్గమును పూర్తిగా అనుసరింపలేదు. నాయకుడైన భీముని మిత్రబృందమునందలి చుట్కి అను బాలిక ధైర్యమును తెలివియు గలదే. అయినను వారు నివసించు ఢోలక్‌పూర్‌కు ఆపద వచ్చినపుడు లడ్డూ తిని శత్రువును కూల్చు పని మాత్రము తరచుగా భీమునికే దక్కుచున్నది.